చేతులు వెనక్కి కట్టుకోమన్న మేడం

పోయిన నెలలో ఒక రోజు పొద్దున మా ఆఫీసులో, పెట్టుబడి అడగడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు తమ కొత్త కంపెనీ గురించి నాకు చెబుతుండగా ఫోనులో మెసేజ్ వచ్చింది. మా ఇంజనీరింగ్ కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు. ల్యాబ్ మేడం ఇక లేరు, తెల్లవారేసరికి నిద్రలోనే వెళ్ళిపోయారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. నేను కొన్నాళ్ళుగా ఆవిడ ఫోను కోసమే ఎదురుచూస్తున్నాను. "నేను పిలిచేదాక రాకు" అన్నారు చివరిసారి కలిసినప్పుడు. ఆ పిలుపు రాలేదు, ఈ కబురు వచ్చింది.

ఎదురుగా కూర్చున్న కుర్రాళ్ళు ఆగలేదు. వాళ్ళకేం తెలుసు? కాసేపు వింటున్నట్టే కూర్చుని, తర్వాత లేచి, మా టీచర్ పోయారు, ఇంకోరోజు మాట్లాడుకుందాం అన్నాను. వాళ్ళు మర్యాదగా కంప్యూటర్ మూసేశారు. ఈ ఉద్యోగం మీకు ఆవిడ వల్లే వచ్చిందా అని ఒకడు అడిగాడు. అవునని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ మాట ఆవిడ చెవిన పడితే ఒప్పుకునేవారు కాదు. నా ఉద్యోగం మీద ఆవిడకు చాలా ఏళ్ళపాటు మంచి అభిప్రాయం లేదు. నాకేమో ఆవిడ అభిప్రాయం తప్ప ఇంకెవరిదీ పెద్దగా పట్టేది కాదు. మా ఇద్దరి మధ్యా నడిచిన కథంతా అదే.

మేడం పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లోనే. మధ్యలో రెండు సందులు, ఒక కిరాణా కొట్టు. మెట్టినింట్లో కింద వాళ్ళ నీళ్ళ పంపుల దుకాణం, పైన కాపురం. మాకు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసేవారు. పొట్టి మనిషి, ఎప్పుడూ నేత చీర, కొంగు నడుముకు దోపుకుని, కళ్ళజోడుకు దారం కట్టుకుని మెళ్ళో వేసుకునేవారు. పొద్దున్నే మోండా మార్కెట్‌లో కూరలు కొనుక్కుని అక్కడి నుంచే కాలేజీ బస్సెక్కేవారు. ఆవిడ సంచిలో ఒక పక్క కొత్తిమీర కట్టలు, ఇంకో పక్క సోల్డరింగ్ తీగ చుట్ట ఉండేవి. రాగానే కొత్తిమీరను స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టేవారు. మా ల్యాబ్‌లో అడుగుపెడితే ముందు కొత్తిమీర వాసన, తర్వాత కాలిన తీగ వాసన వచ్చేవి. ఇప్పటికీ ఇంట్లో కొత్తిమీర తరుగుతుంటే నాకు పరీక్ష భయం వేస్తుంది.

అందరినీ "బిడ్డా" అనేవారు. చదివేవాళ్ళనీ, చదవనివాళ్ళనీ, ఆవిడకంటే రెండడుగులు పొడుగున్న మగపిల్లల్నీ కూడా. కోపం వస్తే మాత్రం "అండీ" అనేవారు. "ఏమండీ, గిది మీరే చేసిండ్రా?" అన్నారంటే ఆ బ్యాచ్‌కి ఆ రోజు మూడినట్టే. ఎవరైనా తాము చేసింది చూపిస్తుంటే ఆవిడ కూర్చునేవారు కాదు. మోకాళ్ళ నొప్పులున్నా నిలబడే చూసేవారు. కూర్చోండి మేడం అంటే, పెళ్ళిచూపులకు వచ్చిన్నా బిడ్డా, కూసోని చూసెతందుకు, అని నవ్వించేవారు.

మా రోజుల్లో ఆఖరు సంవత్సరం ప్రాజెక్టును సగం మంది కొనుక్కునేవారు. నగరంలో దానికోసమే దుకాణాలున్నాయి. బోర్డు, తీగలు, బంగారు రంగు అక్షరాలతో బైండు చేసిన రిపోర్టు అన్నీ ఒకే సంచిలో పెట్టి ఇస్తారు. కాలేజీలో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. మేడం కూడా ఎవర్నీ పట్టించి శిక్ష వేయించలేదు. దానికి ఆవిడ ఒక పద్ధతి కనిపెట్టారు. వైవాకు ముందు వారంలో ఒక రోజు, ఎవరి ప్రాజెక్టు వాళ్ళు చూపించకూడదు. మీది పక్క బ్యాచ్ వాళ్ళ చేతుల్లో పెట్టాలి. వాళ్ళు దాన్ని వాడి చూస్తుంటే, చేసినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని పక్కన నిలబడాలి. ఆ మీట కాదు, ఈ మీట నొక్కు అనకూడదు. కాస్త ఆగితే వెలుగుతుంది అనకూడదు. ఏమన్నా అంటే మార్కులు కోసేవారు.

కొనుక్కున్నవాళ్ళు మొదట సంబరపడేవారు, నోరు మూసుకుని నిలబడటమే కదా అని. కానీ పరాయి చేతుల్లో పడగానే ఆ పెట్టె పొగ చిమ్మేది, లేకపోతే మొండికేసేది. సాయంత్రంలోగా దాన్ని బాగుచేసి తీసుకురమ్మనేవారు మేడం. అప్పుడు తెలిసేది ఎవరిది ఎవరు చేశారో. సొంతంగా చేసినవాళ్ళకూ ఆ రోజు నరకమే. మనం చేసింది ఇంకొకరు తప్పుగా వాడుతుంటే చూస్తూ నిలబడటం ఎంత కష్టమో నిలబడితేగానీ తెలియదు.

మా బ్యాచ్‌లో నేను, రమ్య, ఇంకో అబ్బాయి. మేం నల్లా గంట చేశాం. సికింద్రాబాద్‌లో చాలా సందుల్లో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవీ ఒక వేళంటూ లేకుండా. మా అమ్మ అల్వాల్‌లో నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని పనులన్నీ మానేసి కూర్చునేది. అందుకని గొట్టంలో చిన్న చక్రం బిగించాం. నీళ్ళు రాగానే చక్రం తిరుగుతుంది, ఇంట్లోవాళ్ళ ఫోను మోగుతుంది. ల్యాబ్‌లో ఎప్పుడు పెట్టినా పనిచేసింది. మేము లోకాన్ని ఉద్ధరించేసినట్టే తిరిగాం.

మార్పిడి రోజున మేడం దాన్ని ఏ బ్యాచ్‌కీ ఇవ్వలేదు. "గిది మా ఇంట్ల పెడ్త" అని సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. తర్వాత రోజు వచ్చి, "ఏమండీ, మీ గంట గాలికి మోగింది" అన్నారు.

మాకు అర్థం కాలేదు. ఈసారి నీళ్ళు వచ్చే రోజున మా ముగ్గుర్నీ వాళ్ళింటికి రమ్మన్నారు. వాకిట్లో నల్లా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. ఖాళీ గొట్టంలో ముందు గాలి బుస్సుమని వచ్చింది. చక్రం గిరగిరా తిరిగింది, ఫోను మోగింది, మేడం బిందెతో కిందికి దిగారు. నీళ్ళు లేవు. మళ్ళీ మోగింది, మళ్ళీ దిగారు. ఆ మోకాళ్ళతో. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి ఎర్రటి తుప్పు నీళ్ళు, ఆ తర్వాత మంచినీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళు నల్లా కింద బిందె పెట్టిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం, నీళ్ళకంటే ముందు గాలి వస్తుందన్నది ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ల్యాబ్‌లో మేం బకెట్లోంచి నీళ్ళు పోసి చూశాం మరి.

ఇది పనికిరాదు, వేరే ప్రాజెక్టు మొదలుపెడదాం అని రమ్య ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు మేడం అన్న మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "గాలి వచ్చిందంటె నీళ్ళు ఎన్కనే ఉన్నట్టు బిడ్డా. గాలి తప్పు కాదు. గాలినే నీళ్ళనుకునుడు తప్పు."

గంట కాస్త ఆగి మోగేలా మార్చాం. ఏదో పాసయ్యాం.

అదే మార్పిడి రోజున నా చేతికి పక్క బ్యాచ్ వాళ్ళ చేతికర్ర వచ్చింది. చూపులేనివాళ్ళ కోసం చేసింది, ముందు ఏదన్నా అడ్డం వస్తే కూత పెడుతుంది. కళ్ళకు చున్నీ కట్టుకుని వరండా అంతా నడిచాను. గోడకు కూసింది, మనిషికి కూసింది, తలుపు తీసినా కూసింది. నేను వచ్చి చెప్పాను: దీంతో గేటు దాకా వెళ్ళేసరికి మనిషికి పిచ్చెక్కుతుంది. కానీ పిడి చాలా బాగుంది, చెయ్యి దానంతటదే కుదురుకుంటోంది. కూత తీసేసి పిడిలో వణుకు పెడితే వాడొచ్చు. ఆ బ్యాచ్ వాళ్ళు నన్ను కొట్టేలా చూశారు. మేడం మాత్రం కళ్ళజోడు తీసి నా వైపు చూసి, నువ్వు చేసుడు కంటె చూసుడు మంచిగ చూస్తవ్ బిడ్డా, అన్నారు.

అది మెచ్చుకోలో చివాటో నాకు తెలియలేదు. ఇంజనీరింగ్ చదివే పిల్లతో అనే మాటేనా అది? వంట నేర్చుకుంటున్న దానితో, నువ్వు రుచి బాగా చెబుతావమ్మా అన్నట్టు ఉంది. రెండు రోజులు అన్నం సయించలేదు.

అయితే నాకు తిండి పెట్టే దారికి నన్ను లాక్కెళ్ళింది ఆ మాటే. ఆ ఏడు కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దమనిషి మా నల్లా గంట దగ్గర ఆగాడు. నేను మా గంట గొప్పలు చెప్పడం మానేసి, ఎక్కడ దెబ్బతిన్నామో చెప్పాను. అంతటితో ఊరుకోక పక్క బల్ల మీదున్న వాళ్ళది ఎందుకు నిలబడుతుందో, ఆ పక్కవాళ్ళది ఎందుకు నిలబడదో కూడా చెప్పాను. ఆయన పోతూ పోతూ తన కార్డు ఇచ్చి, చదువు అయ్యాక కలవమన్నాడు. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే చిన్న సంస్థ అది.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న ఉద్యోగం వల్ల అల్వాల్‌లో స్థిరపడ్డాం. వెంచర్ క్యాపిటల్ అనే మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఇంకా లాభం మొహం చూడని కంపెనీలో డబ్బు పెట్టి, వాటా తీసుకుని, అది తేలుతుందో మునుగుతుందో తెలియకుండా ఏళ్ళ తరబడి దాని పక్కన కూర్చునే పని అని నాకు అర్థమైనంతలో చెప్పాను. అమ్మ అంతా విని, "అయితే వడ్డీ యాపారమేటే?" అంది. వడ్డీ ఉండదమ్మా అంటే ఇంకా భయపడింది. చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాదని ఇందులో చేరుతున్నందుకు నాన్న నాతో వారం మాట్లాడలేదు. మా పక్కింటావిడ మాత్రం చీటీ పాట ఎప్పుడు పాడితే లాభమో నన్ను సలహా అడగడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఎవరేమన్నా మేడం సంతోషిస్తారని నా నమ్మకం. స్వీటు డబ్బా పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాను. ఆవిడ ఒక పవర్ సప్లై విప్పి చూస్తున్నారు. నేను చెప్పింది విని, స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే, "చూసెటోళ్ళు మస్తుమంది ఉన్నరు బిడ్డా. చేసెటోళ్ళే కరువు" అన్నారు. తర్వాత స్వీటు తీసుకుని, మంచిగుండు అని దీవించారు. కానీ ఆ రెండో మాట నాకు వినపడనే లేదు.

ఒళ్ళు మండింది. నా చూపు మంచిదన్నది ఆవిడే, ఆ చూపుతో బతుకుతానంటే మొహం మాడ్చుకున్నదీ ఆవిడే. ఇక ఆ గడప తొక్కకూడదనుకున్నాను. మూడు నెలలకే తొక్కాను.

అప్పటి నుంచి వీలున్నప్పుడల్లా ఆదివారాలు రాంగోపాల్‌పేట్ వెళ్ళేదాన్ని. ఆవిడ రిటైరయ్యాక కూడా. వెళ్ళగానే సర్వపిండి చేసేవారు. పెనం మీద అది వేగుతుంటే వెనక్కి తిరక్కుండానే, "ఈ మధ్య ఏం చేసినవ్ బిడ్డా?" అని అడిగేవారు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టేదాన్ని. ఫలానా వాళ్ళు ఎండకు కూరగాయలు వాడకుండా బండి చేశారు, ఫలానా వాళ్ళు చిన్న ఆస్పత్రులకు పరికరం చేశారు, మేం వాళ్ళకు పెట్టుబడి పెట్టాం అని. అంతా విని ఆవిడ, "గవి వాళ్ళు చేసిండ్రు. నువ్వేం చేసినవ్?" అనేవారు.

తిరిగి వెళ్ళేటప్పుడు రాణీగంజ్ సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుంటే మంచి మంచి జవాబులు తట్టేవి. ఆవిడ ముందు ఒక్కటీ నోట్లోంచి ఊడిపడేది కాదు. అయినా ఎందుకు వెళ్ళేదాన్నంటే, ఆవిడ నోట ఒక్కసారి, నువ్వు చేసేదీ పనే అనిపించుకోవాలని. వెర్రి కోరికే. జీతం వచ్చేది, పేరొచ్చింది, నాన్న కూడా బంధువుల దగ్గర నా గురించి గొప్పలు చెప్పుకునే స్థితికి వచ్చారు. ఆ ఒక్క మాట లేక అదంతా అరువు తెచ్చుకున్న నగలా ఉండేది నాకు.

తమాషా ఏమిటంటే, ఆ ఉద్యోగంలో నాకు అన్నం పెట్టింది ఆవిడ పద్ధతే. మొదట్లో కంపెనీ పెట్టేవాళ్ళ మాటలు విని మురిసిపోయేదాన్ని. అందరూ బాగా మాట్లాడతారు. మాట్లాడటం రానివాడు అసలు మా గుమ్మం దాకా రాడు. అలా ఒకసారి రెండుసార్లు బోల్తాపడ్డాక, వచ్చినవాళ్ళను ముందు తాము చేసింది బల్ల మీద పెట్టమనడం మొదలుపెట్టాను. దాన్ని మా ఆఫీసులో ఎవరో ఒకరి చేతికిచ్చి, చేసినవాళ్ళను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేదాన్ని.

ఒకాయన కుక్కర్ కూతలు లెక్కపెట్టి స్టవ్ ఆపేసే పరికరం తెచ్చాడు. మా లెక్కలు చూసే ఆయన దాన్ని తలకిందులుగా బిగించాడు. తెచ్చినాయన చేతులు వెనక నిలవవు. వస్తాయి, నేను చూస్తాను, మళ్ళీ వెనక్కి పోతాయి. చివరికి అతని స్నేహితుడు వెనక నుంచి ఆ చేతులు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. మా భాగస్వాములు మొదట్లో, ఆఫీసును కాలేజీ ల్యాబ్ చేశావని ఎగతాళి చేశారు. తర్వాత వాళ్ళే, చేతులు వెనక్కి కట్టించావా అని అడగడం మొదలుపెట్టారు.

ఇదంతా మేడంకి చెప్పలేదు. చెబితే, నా పద్ధతి కొట్టేసి నువ్వేం చేసినవ్ అంటారని భయం.

ఒక్కసారి మాత్రం నోరు జారాను. కూరగాయల బండి చేసిన ఇద్దరమ్మాయిల కంపెనీకి మొదట్లో ఆర్డర్లు వెల్లువలా వచ్చాయి. మావాళ్ళు ఎగిరి గంతేస్తుంటే నేను ఇది గాలి అన్నాను. చుట్టాలు, స్నేహితులు, మొహమాటానికి కొన్నవాళ్ళు. అన్నట్టే ఆర్డర్లు పడిపోయాయి. అప్పుడు మావాళ్ళు ఇక వాళ్ళను వదిలేద్దామన్నారు. వద్దు, కొంతకాలం ఆగుదాం అన్నది కూడా నేనే. ఈ సంగతి చెబుతుంటే మేడం పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగారు. ఎందుకు ఆగమన్నానని అడిగారు.

"గాలి వచ్చింది కదా మేడం. వెనక నీళ్ళున్నాయేమో చూద్దామని."

ఆవిడ పెనం వైపు తిరిగి సర్వపిండి తీసి నా పళ్ళెంలో వేశారు. ఆ రోజు ఆ ప్రశ్న మాత్రం అడగలేదు. ఆ అమ్మాయిల కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది, బ్రహ్మాండంగా అని చెప్పను గానీ.

పోయిన ఎండాకాలం మేడంకి పక్షవాతం వచ్చింది. మాటకు ఏమీ కాలేదు, నడక కూడా త్వరగానే వచ్చింది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. జీవితమంతా ఆ చేత్తో సన్న సన్న తీగలు అతికిన మనిషి. చూడ్డానికి వెళితే ఆవిడ ఒడిలో ఆ చెయ్యి ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఉంది. నేను ఏడిస్తే, పరేషాన్ గాకు, ఇంకోటి ఉన్నది, అన్నారు.

వానాకాలం చివర్లో ఫోను చేశారు. ఆదివారం రా, ప్రాజెక్టు ఉన్నది, అన్నారు.

వెళ్ళేసరికి వాళ్ళాయన మెట్ల దగ్గరే నా కోసం నిలబడి ఉన్నారు. నెమ్మదైన మనిషి, నేను అంకుల్ అంటాను. ఆయన గొంతు తగ్గించి, రోగం వచ్చిన కాడికెళ్ళి మొదటిసారి ఆమె మొఖంల నవ్వు చూసిన్నమ్మా అని, తర్వాత చెప్పలేక చెప్పలేక చెప్పారు. "ఎట్లున్న బాగుందని చెప్పమ్మా. జెర సంతోషపడ్తది."

పైన భోజనాల బల్ల మీద ఒక చెక్కదిమ్మ ఉంది. మధ్యలో గాడి, పైన ఒక మీట, లోపల కింది దుకాణంలోని పాత పంపుల్లోంచి తీసిన స్ప్రింగు. మాత్రల అట్టను గాడిలో దూర్చి మీట నొక్కితే మాత్ర కిందికి పడాలి. ఒంటి చేత్తో అట్టలోంచి మాత్ర తీయడం ఎంత కష్టమో మీరెప్పుడన్నా ప్రయత్నించి చూడండి. ఆవిడకు రోజుకు ఎన్నో మాత్రలు. ప్రతిసారీ ఎవర్నో ఒకర్ని పిలవాలి. పిలవడం ఆవిడకు చచ్చేంత కష్టం. ఎడమచేత్తో, నెలల తరబడి, ఆ దిమ్మ చెక్కారు.

మేడం బల్ల పక్కకు వెళ్ళి నిలబడ్డారు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, మెల్లగా వెనక్కి తీసుకెళ్ళి, వీపు వెనక కట్టుకున్నారు. పెదవులు బిగించి, తల ఊపి, ఇక చూడు అన్నట్టు సైగ చేశారు.

నేను నా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో అట్ట దూర్చాను. దిమ్మ జారింది. ఇంకోసారి దూర్చి నొక్కాను. మాత్ర రెండు ముక్కలయింది. మళ్ళీ నొక్కితే ఇంకో మాత్ర ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. మేడం పెదవులు కదిలాయి, మాట రాలేదు. తలుపు దగ్గర అంకుల్ నా వైపే చూస్తున్నారు. ఎందరో ధనవంతుల ముందు, ఎందరో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళ ముందు, ఇది నిలబడదు అని తొణక్కుండా చెప్పినదాన్ని. ఆ చిన్న బల్ల దగ్గర మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. బాగుంది మేడం అంటే అయిపోతుంది. అందరూ సర్వపిండి తింటాం.

అనలేకపోయాను. అంటే ఆవిడ నాకు నేర్పింది నేనే చెత్తబుట్టలో వేసినట్టు.

"మేడం, దీన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నొక్కాలి. రెండు చేతులూ ఉన్నవాళ్ళకు ఇదెందుకు?"

అంకుల్ అటు తిరిగి నిలబడ్డారు. నేను తల వంచుకుని విరిగిన మాత్ర ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. మేడం వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఇంటికొచ్చినోళ్ళు అందరు బాగుందన్నరు" అన్నారు. "నా కొడుకు సుత బాగుందనే పోయిండు. ఒక్కలు సుత చెయ్యి ఎన్కకు పెట్టుకోని చూడలె." నా చేతిలోని ముక్కలు తీసుకుని బల్ల మీద పెట్టారు. "గింత మంచిగ చూసుడు సుత చేసుడే బిడ్డా. నాకు సమజయ్యెతందుకే ఇన్నేండ్లు పట్టింది."

నేను ఏడ్చానని వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట కోసం ఎన్ని ఆదివారాలు తిరిగానో నాకే తెలుసు. అది వచ్చేసరికి, ఇక నాకు అది అక్కర్లేదనిపించింది, ఆవిడ చెయ్యి బాగైతే చాలనిపించింది. ఆవిడ మాత్రం అప్పటికే దిమ్మను తిరగేసి చూస్తూ, మీట కింది నుంచి రావాలా, పక్క నుంచి రావాలా అని తనలో తను అనుకుంటున్నారు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి విప్పమన్నారు. నా చేతులు ఆ పని మర్చిపోయాయి. ఒక మర తల నున్నగా అరిగిపోయేదాకా తిప్పాను. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు.

బయల్దేరేటప్పుడు వచ్చే ఆదివారం కూడా వస్తానన్నాను. వద్దన్నారు. నడుమ నడుమ వచ్చి చూస్తే నీ చూపు ఖరాబైతది, నేను పిలిచేదాక రాకు, అన్నారు. మెట్ల కింద అంకుల్‌కి మొహం చూపించలేక గబగబా చెప్పులేసుకున్నాను. ఆయన నన్ను ఆపి, తల మీద చెయ్యి పెట్టారు.

ఆ తర్వాత వచ్చింది ఆ మెసేజే.

ఆ రోజు రాంగోపాల్‌పేట్ సందు నిండా ఆవిడ పిల్లలే. జుట్టు నెరిసినవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, ఊరు దాటి వచ్చినవాళ్ళు. ఎవరి బ్యాచ్ సంగతి వాళ్ళు చెప్పుకుంటున్నారు. రమ్య వచ్చి నా పక్కన నిలబడి, మన గంటకు ఆవిడ ఎన్నిసార్లు మెట్లు దిగారే పాపం, అంది. ఆవిడ పెద్ద శాస్త్రవేత్తేం కాదు, ఆవిడ పేరు మీద ఏ యంత్రమూ లేదు. మేం చేసింది మేం లేనిచోట ఎలా ఉంటుందో ఆలోచించడం మాత్రం మాకందరికీ అబ్బింది. ఈ రోజుల్లో అది తక్కువ ఆస్తి కాదు. నేనైతే దాంతోనే బతుకుతున్నాను, ఆవిడకు రుణపడి ఉన్నానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ చెక్కదిమ్మ సంగతి ఏమైందో ఎవర్నీ అడగలేదు. అడిగే సందర్భమూ కాదు. పూర్తి కాకుండానే వెళ్ళిపోయారనుకుని, ఆ బాధ మనసులోనే పెట్టుకుని తిరిగాను.

కర్మకాండలన్నీ అయిపోయాక, చుట్టాలు వెళ్ళిపోయాక, మొన్న ఆదివారం అంకుల్‌ని చూడ్డానికి వెళ్ళాను. పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఫోనులో ఎవరితోనో తగువు పెట్టుకుంటున్నారు. సందులో గొట్టాల కోసం రోడ్డు తవ్వి పూడ్చకుండా పోయారట, దుకాణం ముందు బురదట. నన్ను కూర్చోమని కళ్ళతో సైగ చేసి, ఫోను ఎడమచెవికి ఆనించుకునే, కుడిచేత్తో చొక్కా జేబులోంచి తన బీపీ మాత్రల అట్ట తీశారు. దానికి ఒక చెక్క పట్టకారు తగిలించి ఉంది. అరచేతిలో పట్టేంత, నున్నగా గీకినది, మధ్యలో ఆ పాత పంపు స్ప్రింగే. ఒక్క చేత్తోనే మెత్తగా పిండారు. మాత్ర చిట్లకుండా, ఎగరకుండా, ఆయన అరచేతిలోనే పడింది. నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, పట్టకారు మళ్ళీ జేబులో పెట్టుకుని, "సోమారం కల్లా పూడ్వకుంటె నేనే ఆఫీసుకొస్త" అని ఫోనులో గట్టిగా చెబుతున్నారు. నొక్కేటప్పుడు ఆయన దానివైపు చూడనే లేదు.